పూడిన కందకం దాటిన పెద్దమ్మ

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూసి నేను నవ్వేవాణ్ణి. కొలతకు అందనిదాన్ని నమ్మడం నా వల్ల కాదు. కాలువ పనుల్లో మట్టి లెక్కలు కట్టేవాణ్ణి. ఆ లెక్కలు బడిలో కాదు, గట్టు మీదే నేర్చుకున్నాను.

తుంగభద్ర నీళ్లు వస్తాయని మా అక్కా బావా గుంటూరు వైపు నుంచి వచ్చి బాళగనూరు దగ్గర చేను కొన్నారు. పాకలో కాపురం. వానల్లోపు సొంత ఇల్లు లేవాలని అక్క పట్టు. చేను మధ్య చిన్న దిబ్బ ఉన్నా, వాకిలి తూర్పుకు కుదురుతుందని బావ కింద చదునులోనే ముగ్గు పోయించాడు.

మిట్టమధ్యాహ్నం గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె వచ్చి ఆగింది.

"ఏందయ్యా, నీళ్లల్ల ముగ్గు పోసినవ్?"

"కాలవ ఇంకా ఇటు రాలేదు పెద్దమ్మా!" అన్నాడు బావ.

"కండ్లు లేవా నీకు? ఇల్లు కడ్తున్నవా, పడవ కడ్తున్నవా?"

అక్క పకపకా నవ్వింది. "గట్టిగా చెప్పు పెద్దమ్మా, నా మాట వినరు."

ఆమె ఎండిన చేలో తిన్నగా పోలేదు. ఏదో గట్టు వెంట పోతున్నట్టు నడిచి, మూల తిరిగి, ఒకచోట కుచ్చెళ్లు పైకెత్తి దిబ్బకు దాటి, అవతలి జొన్నచేలోకి దిగిపోయింది. తమాషాకి ఆ దారి వెంట నేను మేకులు పాతాను.

అక్క మాత్రం పని ఆపించి, "ముందు అక్కడ తవ్వించరా" అంది. మేకులకు బయటివైపు గట్టి మొరం. లోపలివైపు, ముగ్గు పోసిన చోట, మెత్తటి ఒండ్రు, నత్తగుల్లలు. ఎవరో పాతకాలపు దొర, దిబ్బ మీద తన ఇంటి చుట్టూ తవ్వించి, తర్వాత పూడిపోయిన నలుచదరపు కందకం అయ్యుండాలి అది. ఆమె దాటినచోట అడుగున రాతి పలకలు బయటపడ్డాయి. ఊళ్లో ముసలివాళ్లెవరూ ఆ కందకం గురించి విననేలేదు.

ఇల్లు దిబ్బ మీదికి మారింది. కాలువ నీళ్లొచ్చాక, ముందు ముగ్గు పోసిన చోట బావ మోకాలి దాకా దిగబడ్డాడు. ఇంటి గోడకు మాత్రం ఇప్పటికీ బీట లేదు.

కందకం సంగతి ఆమె ఎవరో పెద్దలు చెప్పగా విని ఉంటుందని బావ అంటాడు. సరే, ఒప్పుకుంటాను. కానీ ఆ మధ్యాహ్నం ఆమె వెనకే దిబ్బ ఎక్కినప్పుడు మాకు నేల మీద తడి అడుగులు కనిపించాయి. అక్క వేలితో తాకి చూసింది, తడే. దగ్గర్లో బావి కూడా లేదు. ఆ ముసలామె ఎవరో చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ చెప్పలేకపోయారు. ఆ తడి లెక్క నాకు ఈనాటికీ తేలలేదు.

అక్కకు ఆ బెంగ లేదు. "మన ఇంటి కోసం కాళ్లు తడుపుకుందిలేరా" అంటుంది.