నీళ్ళడుగున పడవకు ఫోటో

కాదు, తప్పు నేను రాసిన కార్డుది కాదు. మా స్టూడియో యజమాని ఇప్పటికీ అదే పాట పాడుతున్నాడు. "ముందే కార్డు రాయకుండా పోయుంటే ఇంత జరిగేది కాదు కదా!" అంటాడు. పడవాయనకు నేను రాసింది ఒక్క ముక్క: గురువారం వస్తున్నాను, పడవ ఫోటో తీస్తాను. ఆయన ఆబిడ్స్‌లో కుర్చీ దిగడు. డిసెంబరు చలిలో గోదావరిలో దూకింది నేను. ఇంక ఆయన మాట ఎందుకు పడాలి?

సంగతి ఇది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య గోదావరి మీద ఒక చిన్న రేవుంది. అక్కడ పోశయ్య అనే ఆయన ముప్పై ఏళ్ళుగా పడవ నడుపుతున్నాడు. దసరా వెళ్ళాక ఆ పడవ మునిగింది. మనుషులు ఈది బయటపడ్డారు. పక్కనే వంతెన కడుతున్న కంట్రాక్టరు, పడవ చెక్కలు పుచ్చిపోయాయని అర్జీ పెట్టాడు. పోశయ్యేమో కంట్రాక్టరు మనుషులు నీళ్ళ కింద వదిలేసిన ఇనుప చువ్వ గుచ్చుకుందన్నాడు. శనివారం కరీంనగర్‌లో విచారణ. పోశయ్య ఓడితే రేవు పర్మిట్ కంట్రాక్టరు బావమరిదికి పోతుంది. నీళ్ళలో ఫోటో తీసే కెమెరా మా దగ్గర ఉందని విని పోశయ్య తరఫు వకీలు వచ్చాడు. చువ్వ మీద ఉన్న పడవను ఉన్నట్టుగా ఫోటో తీసుకురావాలి. అంతే పని.

బుధవారం పొద్దున ఏడింటికి సికింద్రాబాద్‌లో రైలెక్కాను. థర్డ్ క్లాసు. కాజీపేటలో బండి మారాలి. అక్కడ రెండు ఇడ్లీ, ఒక చాయ్. పెద్దపల్లి దాటాక ఎదురు బెంచీ మీదున్న మందమర్రి బొగ్గుబాయి కార్మికుడు నా చేతిలో కెమెరా చూసి, "గదేంది తమ్మీ, రేడియోనా?" అన్నాడు.

"కెమెరా. నీళ్ళల్ల ముంచి తీయొచ్చు."

"కోతలు జర తక్కువ కొయ్యి తమ్మీ! పెట్టె లేకుంటనే ముంచుతవా?"

పెట్టె లేకుండానే. దాని గొప్పంతా అదే. ఫ్రాన్సు నుంచి వచ్చిన సరుకు, పిడికిలికి కాస్త పెద్దది. కెమెరా ఒళ్ళే దాని కవచం. అతుకు ఉన్నచోటల్లా రబ్బరు రింగు, రింగుకు గ్రీజు. వెనక తలుపు లేదు. రీలు వేయాలంటే ముందు లెన్సు ఊడదీసి, పట్టీ తగిలించే రెండు కొక్కేలను మీటల్లా నొక్కితే లోపలి భాగం మొత్తం పైకి లేస్తుంది. ముందు ఒకే మీట: ఒక నొక్కుకు ఫోటో, ఇంకో నొక్కుకు రీలు తిరుగుతుంది. దూరం మాత్రం మనమే కంటితో అంచనా కట్టి లెన్సు మీద పెట్టాలి. నీళ్ళలో ప్రతిదీ ఉన్నదానికంటే దగ్గరగా కనబడుతుంది కాబట్టి అక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇదంతా చెబితే ఆయన, "మా బాయిల గూడ నీళ్ళే తమ్మీ, ఒకసారి రా. మేం ఏడ పనిజేస్తమో మా ఇంటామెకు సూపెట్టాలె" అన్నాడు. నిజంగానే అడిగాడు.

సాయంత్రం మంచిర్యాలలో దిగి సత్రంలో పడుకున్నాను. రూపాయి, దుప్పటి మనదే. మర్నాడు ఆరున్నరకు లక్సెట్టిపేట బస్సు, అక్కడినుంచి ఎడ్లబండి. పదింటికి రేవులో ఉన్నాను. ఒడ్డున ఊరు ఊరంతా ఉంది.

"అచ్చిండు, పట్నం బాబు అచ్చిండు!" అని పోశయ్య భార్య లచ్చవ్వ ఎదురొచ్చింది. ఆమె కొత్త చీర ఎందుకు కట్టిందో అప్పుడు నాకు తట్టలేదు.

చలికాలం కదా, మడుగు అద్దంలా ఉంది. రెండు నిలువుల లోతు. రింగులు ఇంకోసారి చూసుకుని, ఊపిరి బిగబట్టి దిగాను.

దిగి, నీళ్ళు మింగాను.

పడవ తిన్నగా కూర్చునుంది. వంకర లేదు, పాచి లేదు. ఇసుకతో తోమిన ఇత్తడి బిందెలా ఉంది. ముందు కొమ్ముకు ఆముదంలో కలిపిన పసుపు, మధ్యలో ఇంత బొట్టు, రాయి కట్టి వేలాడదీసిన బంతిపూల దండ. అడుగున బొక్క ఉండాల్సిన చోట కొత్త చెక్క, వరసగా మేకులు. మూడు బారల అవతల ఇనుప చువ్వ ఒంటరిగా నిలబడి ఉంది.

పైకొచ్చి అరిచాను. "ఎవడ్రా పడవను కదిలించింది?"

"మేమే సారు," అన్నాడు పోశయ్య సంబరంగా. "ఆర్గురం, రెండు దినాలు. చువ్వ మీద ఒంకరగ ఉండె. ఫోటోల ఎవలన్న ఒంకరగ కూసుంటరా?"

"బొక్కెందుకు మూసిన్రు?"

"బొక్క కనవడితే ఇజ్జత్ ఏంగావాలె?"

"ముప్పై ఏండ్లు బువ్వ వెట్టింది కొడుకా," అంది లచ్చవ్వ. "దాని ఫోటో ఎన్నడన్న తీసినమా? మొహం గడగకుంటనే తీపిస్తమా?"

"ఫోటో గాదవ్వా! సాక్ష్యం! ఆ చువ్వ మీద ఉంటేనే సాక్ష్యం!"

పోశయ్య తడి తువ్వాల పిండుతూ పిండుతూ ఆగిపోయాడు. "అంటే... నా రేవు నేనే పోగొట్టుకున్ననా సారు?"

కోపంతో మళ్ళీ మళ్ళీ దూకి రీలంతా అవగొట్టాను. చెక్కలు, మేకులు, చువ్వ. మధ్యలో ఒక పరక చేప అడ్డొస్తే దాన్నీ తిట్టాను. తెప్ప మీద అవతలి ఒడ్డుకు దాటి, ధర్మపురిలో బస్సెక్కి, రాత్రికి కరీంనగర్ చేరాను. శుక్రవారం అక్కడి స్టూడియోలో ఫిల్ము కడిగి ప్రింట్లు వేశాను.

శనివారం పదకొండింటికి విచారణ. విచారించే ఆఫీసరు ఫోటోలు తిరగేశాడు. "ఇవి నీళ్ళల్ల తీసినవా? ఒడ్డుమీద పూజ జేసి తీసినట్టున్నవి."

"పెండ్లి ఫోటోలు సార్," అని కంట్రాక్టరు పగలబడి నవ్వాడు.

"ఒడ్డుమీద చేప ఈతకొడ్తదా?" అని పరక ఉన్న ఫోటో బల్లమీద కొట్టాను. వకీలు నా చొక్కా పట్టి లాగుతున్నాడు.

"గది కాయితం చేప గావచ్చు," అన్నాడు కంట్రాక్టరు.

నాకు ఒళ్ళు మండింది. సంచిలోంచి కెమెరా తీశాను. ఫిల్ము కడిగిన రోజే కొత్త రీలు వేసుంచాను. మూలనున్న నీళ్ళ బకెట్లో ముంచేసి, "వంగి చూడండి సార్, మీ మొహమే తీస్తా!" అన్నాను.

ఆఫీసరు లేచాడు. బయటికి గెంటిస్తాడనుకున్నాను. ఆయన, "ఆగు, జర ఆగు," అని కోటు గుండీ పెట్టుకుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుని, అప్పుడు వంగాడు. మీట నొక్కాను. నీళ్ళు కారుతున్న కెమెరాను ఆయన చేతుల్లో పెట్టాను. తిప్పి చూసి, మళ్ళీ కూర్చుని, భూతద్దం పెట్టి ఫోటోలు చూడడం మొదలుపెట్టాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

"నేను ఉట్నూరు అడవుల దిక్కు చాలా ఏండ్లు పనిజేసిన. ఇది టేకు. చెక్క గీతలన్నీ సాఫ్‌గ కనవడుతున్నయి, ఏడ పుచ్చు లేదు," అన్నాడు. పాచి ఉండుంటే ఆ గీతలు కనబడేవే కావు. పర్మిట్ పోశయ్యకే ఉంచాడు. పడవ పైకి తీసి బాగుచేసుకోమన్నాడు. చువ్వ సంగతి అడిగితే, "చువ్వ ఉన్నది. పడవ దానికే తగిలిందనెటందుకు రుజువేది?" అన్నాడు. కంట్రాక్టరు మీసం దువ్వుకుంటూ జీపెక్కి పోయాడు. పైసా దండుగ లేదు, ఒక మాట లేదు.

రెండింటి బస్సుకు పోశయ్య నన్ను సాగనంపడానికొచ్చాడు. "రేవు దక్కింది, సాలు," అన్నాడు. బస్సు కదలబోతుంటే కిటికీ పట్టుకుని, "దండ ఉన్న ఫోటో పెద్దగ జేసి పంపు సారు. గోడకు వెడ్త," అన్నాడు.

హైదరాబాదు వచ్చేదాకా కంట్రాక్టరును తిట్టుకుంటూనే ఉన్నాను. అటు వెళ్ళేవాళ్ళకు నా సలహా: దుప్పటి, గ్రీజు డబ్బీ మరచిపోకండి. నిన్న ఆ బకెట్ ఫోటో కడిగాను. ఆఫీసరు మొహం నీళ్ళతో పాటు వంకర్లు పోయింది గానీ పాపిడి మాత్రం తిన్నగా ఉంది. బకెట్లోకి వంగడానికే ఆయనకు దువ్వెన కావాల్సి వచ్చింది. మరి ముప్పై ఏళ్ళు అన్నం పెట్టినదానికి, జీవితంలో ఒక్కటంటే ఒక్క ఫోటో కోసం మొహం కడిగి బొట్టు పెట్టినవాళ్ళది తప్పని మీలో ఎవరంటారో అనండి చూద్దాం?