మట్టి దగ్గర పిలిచే సర్పంచమ్మ

మొన్న సంతలో అల్లం మూట దింపుతున్న ఒకాయన నన్ను చూసి ఆగాడు. "మేస్టారూ, సర్పంచమ్మ పోనాది. పొద్దున అంబలి తాగి అరుగు మీద కూకున్నాది, అలాగే ఒరిగిపోనాది" అన్నాడు. పదవి పోయి ఏళ్లయినా మా పంచాయతీలో ఆమెను అందరూ అలాగే పిలిచేవారు.

డుంబ్రిగుడ దగ్గర ఆశ్రమ పాఠశాలకు టీచరుగా వచ్చినప్పుడు ఆమె పక్కింట్లోనే దిగాను. నోట్లో చుట్ట తీయకుండానే పలకరించేది. పార్టీ నిలబెడితే గెలిచిన మనిషే. కానీ టార్పాలిన్లు వస్తే, ఏ ఇంటి కప్పు ఎగిరిపోతే ఆ ఇంటికే ముందు పంపేది. పార్టీవాళ్లు నిలదీస్తే, "మన జెండా నేని ఇంట్లో వాన పడదేటి?" అనేది.

ఆమె సర్పంచిగా ఉన్నప్పుడు వచ్చిన పెద్ద తుఫానుకి పైగూడెం మీద కొండచరియ జారింది. మేకల్ని తోలుకురావడానికి వెళ్లిన ఒక తల్లి తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు. లోపలున్న అత్తా లేదు, కూతురూ లేదు. తవ్వడానికి పొక్లెయిన్ వచ్చింది, వెనకే మంత్రిగారు వస్తున్నారన్నారు. గూడేలన్నీ ముందే ఖాళీ చేయించామని అప్పటికే టీవీలో చెప్పేశారు. మా బడి వరండాలో పార్టీ మండల నాయకుడు సర్పంచమ్మను పక్కకు పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను.

"ప్రాణనష్టం నేదని సెప్పు, సాలు. మిషను రోడ్డు పనికి పంపించేద్దాం. వచ్చేసారీ నిన్నే నిలబెడతాం."

"మరి మట్టి కింద ఆ పిల్ల గుంట ఏటైనట్టు బాబూ?"

మంత్రిగారి కార్లు కనబడటంతో అతను అటు నడిచాడు.

మంత్రిగారి ముందు ఆమె మైకు అందుకుంది. "మావోలు ఇంకా మట్టి కిందే ఉన్నారు. కొండ దించుతామన్న బండి రానేదు. మిషను ఎనక్కి పంపకండి, దండం పెడతాను" అంది. మైకు లాక్కున్నారు. అప్పటికే కెమెరాలు వినేశాయి. పొక్లెయిన్‌ను వెనక్కి పంపలేదు. మర్నాడు ముసలమ్మ శవం దొరికింది. పిల్ల దొరకలేదు. కొండ మళ్లీ జారుతోందని తవ్వకం ఆపేశారు.

పార్టీ ఆమెను వదిలేసింది. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయింది. అందుకు ఆమె బాధపడగా నేను చూడలేదు. చినుకు పడితే మాత్రం ఇంట్లో ఉండలేకపోయేది. కొండెక్కి, ఆ మట్టి దగ్గర నిలబడి పిల్లను పేరు పెట్టి పిలిచేది. ఒకసారి జ్వరంతో వెళ్తుంటే ఆపబోయాను.

"బండి వత్తాది, ఇంటికాడే ఉండండని ఆ ఇంటోలకి సెప్పింది నేనే మేస్టారూ. ఆపీసరోలు నాకు సెప్పినారు, నేను నమ్మినాను. పిలవడం మానేత్తే ఆ గుంట మనం ఎల్లిపోనామనుకోదేటి?"

వెంట నడిచాను. పిలిచాక ఆమె చెవి ఒగ్గి నిలబడింది. నేనూ విన్నాను. మట్టి లోపలెక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు. ఎంత వద్దనుకున్నా అది మాటలా వినిపించింది. ఇప్పటికీ వాన పడితే పాఠం మధ్యలో ఆగిపోతాను.

ఆమెను కొండ మీద పాతిపెట్టిన రోజు అన్ని గూడేలూ వచ్చాయి. ఓటెయ్యనివాళ్లు కూడా పిడికెడు మట్టి వేశారు. వాన పెరగడంతో అందరం దిగిపోయాం. దారి వంపులో వెనక్కి తిరిగి చూస్తే, ఆ పిల్ల తల్లి ఒక్కతే అక్కడ కూర్చుని ఉంది. తాను తడుస్తూ, గొడుగు మాత్రం ఆ కొత్త మట్టి మీద పట్టింది.