వెనక పళ్లు చాలన్నారు

కట్టించాడు, కాదన్నదెవరు? మద్రాసులో మా ఇంట్లో ఈ మాట ఎప్పుడొచ్చినా అమ్మ అదే అంటుంది: "ఆయన కాబట్టి వదినకు పళ్లు కట్టించాడు, ఇంకొకడైతే పట్టించుకునేవాడా?" వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ రోజు నంద్యాలలో నేను పక్కనే ఉన్నాను. అమ్మ లేదు.

ఆళ్లగడ్డలో ఉండే మా పెద్దమ్మకు నలభై దాటకముందే చిగుళ్లు చెడి పళ్లు ఊడిపోయాయి. పైవరసలో ముందు నాలుగూ లేవు. దవడ పళ్లు కూడా చాలావరకు పోయాయి. జొన్నరొట్టె మజ్జిగలో నానేసుకుని మింగేది. దానికి ఆమె బాధపడగా నేను చూడలేదు. గాలి పోయి మాట తేలిపోతుందని, మనుషుల ముందు ఒకటి రెండు ముక్కలు పలికి ఊరుకునేది. అదీ ఆమె దిగులు. సెలవులకు వెళ్లిన నన్ను చాటుగా అడిగింది: "పండ్లు కట్టిచ్చుకుంటే మళ్లా మాట సక్కగా వస్తాదంట గదా పాపా?"

పెద్దనాన్న పోయాక ఆ ఇంటి పెత్తనం ఆమె మరిదిది, అంటే మా చిన్నాయనది. నేనే ఆయన వెంటపడ్డాను. సణిగి సణిగి ఒప్పుకున్నాడు.

ముగ్గురం బస్సులో నంద్యాల వెళ్లాం. పళ్లు కట్టే డాక్టరు పెద్దమ్మ నోరు చూసి రెండు దారులు చెప్పాడు. మిగిలిన పళ్లను అరగదీసి, వాటికి తొడుగులు వేసి, కొత్తవి కదలకుండా బిగించడం ఒకటి. అంగిటికి అతుక్కునే పలక చేసి, తీసి పెట్టుకునేలా పళ్లు అమర్చడం రెండోది.

"ఉండేవి గూడా అరగదీయొద్దు సామీ. తీసి పెట్టుకునేదే సాలు," అంది పెద్దమ్మ.

డాక్టరు పళ్లు గుచ్చిన అట్ట తెచ్చి, రంగు కలుస్తుందో లేదో చూడటానికి ఒకటి ఆమె పెదవి కింద పెట్టాడు. పెద్దమ్మ గోడకున్న అద్దంలోకి చూసుకుంది. చూపు తిప్పలేదు.

"అవి వద్దు," అన్నాడు చిన్నాయన. "దవడ పండ్లు కట్టు, సాలు."

డాక్టరుకు అర్థం కాలేదు. "పలక ఒకటే గదప్పా. ముందరివి పెడితే నీకేం భారం?"

"భారమని కాదు. నమిలేకి ఎనక పండ్లు గావాల. ముందరివి సోకుకు. మొగుడు పోయిన ఆడదానికి సోకెందుకు? ఊర్లో ఏమనుకుంటారు?"

"సందు పెట్టి ఇస్తే, నాకు పని రాదనుకుంటారప్పా జనం!"

నాకు ఆగలేదు. చిన్నాయన ముందుపన్నుకు బంగారు తొడుగుంది. పన్ను చెడి కాదు, గట్టి పన్నునే అరగదీయించుకుని వేయించుకున్నాడు. "మరి ఆ బంగారు పన్నుతో నువ్వేం నములుతాండావ్ చిన్నాయనా?" అని ఆయన యాసలోనే అడిగాను.

"నోరు మూసుకో అమ్మీ. మగోని మాట వేరే. నీ పట్నం తెలివి ఈడ చూపియ్యొద్దు."

"మాట పలకడానికి ముందు పళ్లు కావాలో వద్దో డాక్టర్నే చెప్పమను!" అని అరిచాను.

డాక్టరు నన్ను చూశాడు, చిన్నాయనను చూశాడు, అట్ట పక్కన పెట్టేశాడు. "ఇంటి పెద్ద నువ్వు. నువ్వెట్ల చెబితే అట్లే కడతా."

పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది. "ఊరుకో పాపా. ఇదన్నా రానీ."

పలక వచ్చింది. రెండు పక్కలా దవడ పళ్లు, ముందు వట్టి గులాబీరంగు చిగురు. దాంతో ఆమె రొట్టె నమలగలదు. మాట మాత్రం మునుపటికంటే ముద్దగా వస్తుంది. నోట్లో అడ్డం ఒకటి చేరింది కానీ గాలిని ఆపేది ఏదీ రాలేదు. వీధిలో ఆడవాళ్లు వచ్చి చూసి, "నీ మరిది దేవుడమ్మా" అని పొగిడి పోయారు. పెద్దమ్మ తలూపింది. అప్పటినుంచి తలూపడమే. ఆ ఒకటి రెండు ముక్కలు కూడా మానేసింది.

మా అమ్మకు ఇది చెబితే, ఆచారం తప్పితే ఆమెనే కదా నలుగురూ ఆడిపోసుకునేది అంటుంది. మీలోనూ అలా అనేవాళ్లుంటారు. ఉంటే మీ ముందు పళ్లు నాలుగూ పీకి పక్కన పెట్టి, నా ఎదురుగా నిలబడి ఆ మాట పలకగలరా?