జెడ్ అంటే జోన్ కాదు

ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు. ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీ. పోలీసుల నుంచి లెటరు వస్తే చూసేది నేనే. ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఈ ఐపీ నంబరు మీద ఇంటర్నెట్ వాడింది ఎవరు అని అడుగుతారు. అడగడానికి ఒక్క వాక్యం చాలు. చెప్పడానికి మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. ఒక్కో నంబరును వందల ఇళ్లు పంచుకుంటాయి. ఆ నిమిషానికి అది ఏ ఇంట్లో ఉందో పాత రికార్డులన్నీ తోడి చూడాలి.

మా ఓనరుకు ఆ లెటర్లంటే ఒళ్లు మంట. “రెండు దినాలు నువ్వు గీ పని మీదనే కూసుంటే కస్టమర్ల కంప్లయింట్లు ఎవరు చూస్తరు? జల్ది పేరు రాసి పంపు,” అనేవాడు.

ఆ వారం వచ్చిన లెటరు ఒక అమ్మాయికి ఎవరో పంపిన పాడు మెసేజీల గురించి. ఆదివారం, 10:52. పక్కన ఇంగ్లిషులో చిన్న జెడ్, అంతకుముందు ఏ లెటరులోనూ చూడనిది. మన పోలీసులకు జోన్లున్నాయి కదా, దానికి పొట్టి పేరనుకున్నాను. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ, ఎవరినైనా అడగాలంటే నాకు నామోషీ. ఒకటిన్నర రోజు వెతికితే నాంపల్లిలో ఒక టైలరు పేరు తేలింది. ఆ ఇంటికి కనెక్షన్ నేనే దగ్గరుండి పెట్టించాను. వాళ్లావిడ చాయ్ కూడా ఇచ్చింది. మనసు ఒప్పకపోయినా పేరు పంపేశాను.

మూడో రోజు ఆ టైలరు తన భార్య ఫోన్ నుంచి నాకు చేశాడు.

“అన్నా, ఆదివారం ఆ టైముకు మేమందరం చర్చిల ఉన్నం. ఇంటికి తాళం. నా ఫోన్ ఇంట్లనే చార్జింగుకు పెట్టి పోయిన. గిప్పుడు దాన్ని పోలీసోళ్లు తీసుకున్నరు, మల్ల సాయంత్రం రమ్మన్నరు. జాకెట్లు కుట్టి బతికెటోణ్ని. గీ మాట బస్తీల తెలిస్తే ఏ ఆడమనిషి నాకు కొలతలిస్తది? మీ మెషిన్ల ఏదో తప్పున్నట్టుంది, జర చూడన్నా.”

అప్పుడు తీశాను మళ్లీ ఆ లెటరు. వేరే కంపెనీలో ఇదే పని చేసే స్నేహితుడికి ఫోటో పంపి, జెడ్ అంటే జోనే కదా అని అడిగాను. “జోనా? అది లండన్ టైమురా. ఐదున్నర గంటలు కలుపు,” అన్నాడు. కలిపితే సాయంత్రం నాలుగూ ఇరవై రెండు. రికార్డులో ఆ నిమిషానికి ఉన్నది ఇంకో ఇల్లు.

“ఊకో. వాళ్లే చూసుకొని ఇడిచిపెడ్తరు. తప్పు మనదని రాసిస్తే రేపు మనల్నెవరు నమ్ముతరు?” అన్నాడు ఓనరు. ఆయనకు ఎన్నడూ ఎదురు చెప్పని నేను లెటర్‌హెడ్ మీద తప్పు నాదేనని, సరైన పేరు ఇదని రాసి, సంతకం పెట్టి, నాంపల్లికి ఆటో ఎక్కాను.

స్టేషన్లో ఆఫీసరు నా కాగితం రెండుసార్లు చదివాడు. “ఈ రెండో పేరన్నా పక్కానా?” అన్నాడు. ఆయన ముందే చిన్నపిల్లాడిలా వేళ్ల మీద గంటలు మళ్లీ లెక్కపెట్టి, పక్కా అన్నాను. ఆయన లోపలి నుంచి టైలరు ఫోన్ తెప్పించి, ఆయనకు ఇవ్వమని నా చేతికిచ్చాడు.

బయట బెంచీ మీద టైలరు కూర్చుని ఉన్నాడు. ఫోన్ చేతికివ్వగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నా కోసం పని ఇడిచిపెట్టి వచ్చినవా అన్నా?”

ఔనని తలూపి వెళ్లిపోవచ్చు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

“మీ పేరు రాసిచ్చింది నేనే. టైము తప్పు చదివాను,” అన్నాను.

చేతులు మెల్లగా వదిలేశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“మా ఇంట్ల చాయ్ తాగినవు కదన్నా,” అన్నాడు.