బొంగురు గొంతుకు వచ్చిన మెప్పు

కైలాసం గొంతును పొగుడుతూ మొదటి సమీక్ష వచ్చే నాటికి, మిల్లులో పక్కవాణ్ణి పేరు పెట్టి పిలవడానికి కూడా ఆ గొంతు లేవడం లేదు. పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ యంత్రాల హోరులో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పిలవాల్సినప్పుడు అతను ఎదుటివాడి భుజం తట్టి సైగ చేసేవాడు. పత్తి నుసికి ఎవరి గొంతయినా ఇంతే అనుకునేవాడు.

ఆదిలాబాద్‌లో చదువుకునే రోజుల్లో అతనూ, గిటారు వాయించే అరుణ్‌కుమార్, ఇంకో ఇద్దరూ కలిసి ‘పత్తిగింజలు’ అనే రాక్ బ్యాండు పెట్టారు. ఒకే ఒక ఆల్బమ్ తెచ్చారు, విన్నవాళ్లు తక్కువ. తర్వాత ఎవరి బతుకు వాళ్లదైంది. కైలాసం మాత్రం పాట మానలేదు. తోచినప్పుడల్లా ఫోన్‌లో పాడి హైదరాబాద్‌లో ఉన్న అరుణ్‌కుమార్‌కు పంపేవాడు. అలా బయటికి రాకుండా పడివున్న పాటల్ని, పాత రిహార్సల్ ముక్కలతో సహా, పాడిన ఏడాది వరుసలోనే పేర్చి అరుణ్‌కుమార్ మొన్న ఎండాకాలంలో ‘అడుగుబొడుగు’ పేరుతో విడుదల చేశాడు.

ఎవరూ అనుకోనంత పేరొచ్చింది. ‘పాట పాటకూ ఈ గాయకుడు తన గొంతును తానే చింపుకుంటూ పోతాడు. చివరికి మిగిలేది ఊపిరి ఒక్కటే. ఇంత తెగువ ఈమధ్య వినలేదు’ అని ఒక ఇంటర్నెట్ పత్రిక రాసింది. తొలి పాటలు మరీ నున్నగా ఉన్నాయనీ, వాటిని వదిలేసినా నష్టం లేదనీ ఇంకొకరు రాశారు. కైలాసం అవన్నీ చాయ్ హోటల్లో అందరికీ చూపించాడు.

అరుణ్‌కుమార్ ఫోన్ చేశాడు. “గదే గొంతుల ఇంకో నాలుగు పాటలు కావాలె. జర సాఫ్ కానియ్యకు.”

ఆ రోజు నుంచి పుక్కిలించమని భార్య జమున కాచి ఇచ్చే ఉప్పునీళ్లను కైలాసం పెరట్లో పారబోయడం మొదలుపెట్టాడు.

జమునకు ఆయన పాటలు కూర్చుని వినే తీరిక ఎప్పుడూ దొరకలేదు. ఒక మధ్యాహ్నం, ఊరంతా మెచ్చుకుంటున్నదేమిటో చూద్దామని ఫోన్‌లో మొదటి నుంచి పెట్టుకుంది. సగంలోనే తరుగుతున్న కూర పక్కన పెట్టింది. ఆయన షిఫ్టు దిగి వచ్చేదాకా అట్లాగే కూర్చుంది.

“ఇవన్ని వరుసవెట్టి విన్నవా?” అని అడిగింది.

“పాడిందే నేను.”

“మొదటి పాటల నువ్వున్నవు. ఆఖరు దాంట్ల ఎవలో ముసలాయన ఉన్నడు. గిట్ల కావాలని పాడినవా?”

అవుననాలని నోటిదాకా వచ్చింది. రాసినవాళ్లంతా అదే నమ్మారు. నమ్మిందాన్ని కాదనడానికి మనసొప్పలేదు. కానీ ఆమె కళ్లు దించలేదు.

“లే. గంతకన్న రాలే,” అన్నాడు.

“మింగుతుంటె నొస్తుందా?”

కొన్నాళ్లుగా ఆయన రొట్టెను పప్పులో నానబెట్టుకునే తింటున్నాడని ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది.

కరీంనగర్‌లో డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూశాడు. ఎప్పటి నుంచి ఇట్లా ఉందని అడిగితే కైలాసానికి చెప్పడం తెలియలేదు. జమున ఫోన్ అందించింది. డాక్టరు పాటలు కొంచెం కొంచెం వింటూ పోయి, ఒకచోట ఆపాడు. “ఇక్కడ మొదలైంది,” అన్నాడు. గాయకుడు తన అసలు గొంతును కనుక్కున్న చోటు అదేనని ఒక సమీక్షలో రాసిన పాట అది.

పరీక్షలో కాన్సరని తేలింది. గొంతుపెట్టె తీసేయక తప్పలేదు. ప్రాణం నిలిచింది.

అరుణ్‌కుమార్ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. “నాకెర్కలే, కైలాసం. మొత్తం తీసేస్త. ఒక్క పాట గూడ ఉంచ,” అన్నాడు, తల ఎత్తకుండా.

కైలాసం ఫోన్ తీసుకుని నెమ్మదిగా టైపు చేసి చూపించాడు. ‘తియ్యకు. మొదటి పాట మంచిగ పాడిన. దాన్ని మెచ్చుకుంట ఎవలన్న రాసిన్రా?’

“రాయలే,” అన్నాడు అరుణ్‌కుమార్.