ట్యూబ్‌లైట్ కింద కుంకుమ రంగు

దయ్యమన్న మాట ఎవరెత్తినా నవ్వి ఊరుకునే మనిషిని నేను. గద్వాలలో తాతల నాటి నుంచీ మగ్గం ఆడుతున్న ఇల్లు మాది. తెగిన పోగుకు భయపడ్డాం గానీ గాలికీ ధూళికీ ఎన్నడూ భయపడలేదు.

అమ్మ పోయాక నాయనకు పక్షవాతం వచ్చింది. కాళ్లూ చేతులూ తిరిగి స్వాధీనమయ్యాయి, కంటికి రంగులు మాత్రం తిరిగి రాలేదు. ఏది చూసినా బూడిదే అన్నాడు.

"మీ అమ్మ కట్టుకున్న కుంకుమ రంగు గూడ యాదికి వస్తలేదు బిడ్డా" అని అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. తిండి సగమైంది. మగ్గం ఎక్కితేనన్నా తేరుకుంటాడని, రంగులతో పని లేని నలుపు తెలుపు గళ్ల చీర ఒకటి నేసిస్తామని ఒప్పుకున్నాను.

మగ్గంలో కూర్చున్న మనిషి కండె కోసం లేవడం మా ఇళ్లల్లో లేదు. నూలు కండెలకు చుట్టి, అయిపోగానే చేతికి అందించేది ఆడవాళ్లే. అమ్మ చేసిన ఆ పని ఇప్పుడు నాది.

ఆ రోజు ముసురు. దీపాలు పెట్టే వేళకు కరెంటు తగ్గి ట్యూబ్‌లైట్ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను వంటింట్లో ఉన్నాను. నాయన పిలిచాడు.

"జర ఇటు రా బిడ్డా. కుంకుమ రంగు కనబడ్తుంది."

వెళ్లి చూస్తే నాకూ కనిపించింది. నల్ల గీతల పక్కన పలచటి ఎరుపు, వణుకుతూ.

"కండె నువ్వే ఇస్తివా?" అన్నాడు.

"లేదు నాయనా, పొయ్యి కాడ ఉన్న."

"గట్లయితే మీ అమ్మనే" అన్నాడు, రోజూ జరిగే మాటలాగా.

అంతలో కరెంటు పూర్తిగా పోయింది. పని ఆపించి అన్నం పెట్టాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

తర్వాత కళ్ల డాక్టరును అడిగాను. కొట్టుకునే వెలుతురులో నలుపు తెలుపు గీతలు చూస్తే లేని రంగులు కనిపిస్తాయట. కంటి భ్రమ అన్నారు. సరే, ఒప్పుకున్నాను.

కానీ భ్రమ తెల్లారేసరికి పోవాలి కదా. ఆ ముసురు రోజుకు మర్నాడే, పొద్దున వెలుగులో చూస్తే చీర అంచులో బెత్తెడు మేర కుంకుమ రంగు పట్టు నేసి ఉంది. ఇంట్లో ఆ రంగు పోగు ఒక్కటీ లేదు. అమ్మ ఆ రంగు చీరతోనే కాటికి పోయింది.

ఎట్లా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆ ముక్క కోసి నాయన దిండు కింద పెట్టుకున్నాడు. ఆయన కంటికి అదీ బూడిదే. రోజూ తీసి వేళ్లతో తడుముతూ "ఉన్నదా బిడ్డా?" అని అడుగుతాడు.

చూసి, ఉందనే చెబుతాను.