సీసా మీది కాగితం

ఉదయం తొమ్మిదీ నలభైకి తిరుపతి బస్సు వడమాలపేటలో ఆగింది. ఒడిలోని పుస్తకం తెరిచి, అమ్మ కత్తిరించిన కాగితం పేజీల మధ్యే ఉందని మరోసారి చూసుకున్నాను. వేలెడు వెడల్పు. ఒక అంచున ఐదు గాట్లు.

మా నాయన పుత్తూరులో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. మిక్చరు మందు కలిపి సీసాలో పోసేది ఆయన. సీసాకు అంటించే కాగితాలు ఇంట్లో అమ్మ కత్తిరించేది. ఒక గాటు నుంచి ఇంకో గాటు దాకా తాగితే ఒక పూట మందు. చదువు రానివాళ్లకు అదే లెక్క. అమ్మకూ చదువు రాదు. ఆమె కాగితాన్ని మడతలు వేసి ఒక్కసారిగా కత్తెర పెట్టేది. అడుగు భాగం మాత్రం ఎప్పుడూ మిగతావాటికంటే కాస్త పొడుగు వచ్చేది.

"మడత గూడా సరిగ్గా ఎయ్యలేవు గదే," అనేవాడు నాయన.

"తాగేటోళ్లు ఎవురూ అడగలేదులే," అనేది అమ్మ.

అమ్మ పోయి ఐదు నెలలు. ఆమె కత్తిరించినవాటిలో మిగిలింది ఇదొక్కటే. ఎప్పుడో పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నందువల్ల మిగిలింది.

పోయిన నెల తిరుపతిలో పాత వైద్య పరికరాల మ్యూజియం చూడటానికి వెళ్లాను. ఒక పాత ఆసుపత్రి మేడ మీద రెండు గదులు. గాజు సిరంజీలు, మందు నూరే కల్వాలు, తక్కెడలు. వాటి పక్కన నాయన వాడిన రకం సీసా, ఒట్టిది. మ్యూజియం చూసుకునే పెద్దాయన ఒకప్పుడు మందులషాపు నడిపినవాడు. "సీసా ఉండాది, కాగితమే లేదు. ఎవురి దగ్గరన్నా ఉంటే సెప్పమ్మా," అన్నాడు. నా దగ్గర ఉందని ఆ రోజు చెప్పలేదు. ఈ రోజు కూడా చూపించి వెనక్కి తెచ్చుకుందామనే బయలుదేరాను.

మ్యూజియంలో పెద్దాయన కాగితం పక్కన స్కేలు పెట్టి చూశాడు.

"కిందిది పొడుగైపోయిందే. రవంత కత్తిరిస్తామా?"

"వద్దన్నా. అది మా అమ్మ తప్పు, నాయన ఎప్పుడూ అనేవాడు. అట్లే ఉండనీ."

"తప్పును అద్దాల బీరువాలో పెట్టమంటావా?" అని నవ్వి, దుమ్ము తుడవడానికి సీసాను తిరగేశాడు. అక్కడే ఆగిపోయాడు. సీసా అడుగు లోపలికి పొంగి ఉంది, బొటనవేలు పట్టేంత; ఆ మేరకు అక్కడ మందు తక్కువ పడుతుంది. నీళ్లూ, ఔన్సు గ్లాసూ తెచ్చాడు. నన్ను కాగితాన్ని సీసాకు ఆనించి పట్టుకోమని, పైదాకా నీళ్లు నింపి, గాటు గాటుకూ గ్లాసులోకి వంచి చూశాడు. ఆరుసార్లూ నీళ్లు ఒకే గీత దగ్గర నిలిచాయి.

"మీయమ్మ తప్పు గాదు తల్లీ. మీ నాయనే సీసా తిరగేసి సూడలా."

అమ్మ ఈ మాట ఇంట్లో ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. ఆమె కాగితాలు కత్తిరించే రోజుల్లో పక్కనే కూర్చుని చదువుకునేదాన్ని. ఎప్పుడూ అడగలేదు.

సీసా ఆరేదాకా కూర్చున్నాను. అంటించడానికి ఏముందని అడిగితే, ఆయన తన క్యారియరు తెరిచి రెండు అన్నం మెతుకులు ఇచ్చాడు. నాయన కూడా మెతుకులతోనే అంటించేవాడు. నేనే అంటించి, ఆరేదాకా వేలితో అదిమి పట్టుకున్నాను.

తిరుగు బస్సులో ఎక్కడిదాకా చదివానో వెతుక్కోవలసి వచ్చింది.

ఇప్పుడు మందు సీసాలకు ఎవరూ కాగితం కత్తిరించి అంటించరు.